మోంటెఫరినోలో నిశ్శబ్దం నెలకొన్న విధం

మా మోంటెఫరినో పట్టణంలో ఒపేరా సంస్కరణ జయప్రదంగా పూర్తయిందని సంగీతాభిమానులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ప్రాణనష్టం ఏమీ జరగలేదు. పెద్ద డోలు వాయించే గాస్పరే మాత్రం కొన్నాళ్ళు మనసు కష్టపెట్టుకున్నాడు. పగలంతా మాంసం కొట్టే చెయ్యి గనక ఆ కష్టం మాంసం మీద చూపించాడు. ఆ శీతాకాలం ఊరంతా మెత్తటి మాంసం తిన్నాం.

ఈ సంస్కరణలో నా పాత్ర కూడా కొంత ఉందని చెప్పుకోక తప్పదు. నేను ఊళ్ళో మందుల కొట్టు వాణ్ణి, నాటకశాలకు ఆస్థాన కవిని. ప్రాస కుదర్చడం తెలిసినవాడు ఊళ్ళో మరొకడు లేకపోవడం నా మొదటి అర్హత. విషాల గురించి తెలిసి ఉండడం రెండోది. మా ఒపేరాల్లో నాయికలందరూ విషం తాగే చస్తారు. వేరే ఊళ్ళలో కవులు ఏ మోతాదు పడితే ఆ మోతాదు తాగిస్తారు. నా నాయిక ఎంత తాగితే ఎంతసేపు పాడగలదో శాస్త్ర ప్రకారం లెక్క కట్టి మరీ రాసేవాణ్ణి. నా పద్యాల మీద ఊళ్ళో ఒక్క విమర్శ కూడా రాలేదు, ఎందుకంటే వాటిని ఎవరూ వినలేదు.

వినకపోవడానికి కారణం దురభిమానం కాదు, తీరిక లేకపోవడం. కార్నివాల్ రోజుల్లో మా నాటకశాల ఒక్కటే ఊరికి పెళ్ళిపందిరి, కచేరీ, భోజనశాల. గోడల వెంట అంతస్తులుగా కట్టిన చిన్న గదులు, అంటే బాక్సులు, వంశపారంపర్య ఆస్తులు. వాటిలో పేకాట ఆడతారు, సాసేజీలు తింటారు, సంబంధాలు కుదుర్చుకుంటారు, కుదిరినవి చెడగొట్టుకుంటారు. క్రిస్మస్ మర్నాడు మొదలైన ఒపేరాయే ఉపవాస దినాలు వచ్చేదాకా రోజూ ఆడుతుంది గనక ఇవాళ వినకపోతే రేపు వినవచ్చు. అలా అనుకుంటూనే మా తాతగారు యాభై ఏళ్ళు నాటకశాలకు వెళ్ళివచ్చి, చివరికి ఏ ఒపేరా కథా తెలియకుండానే ప్రశాంతంగా కన్నుమూశారు. వేదిక మీద పాట అంటూ ఒకటి ఉండాలి, నిజమే. అది లేకపోతే ఒక బాక్సులో మాట్లాడుకునేది పక్క బాక్సుకు వినబడుతుంది.

ఇంత సందడిలోనూ అన్ని ఊళ్ళలాగే మా ఊరూ ఖచ్చితంగా పాటించే పద్ధతి ఒకటుంది. రెండో అంకం మధ్యలో పెద్ద గాయనీగాయకులు గొంతుకు విశ్రాంతి ఇచ్చుకోవాలి. అప్పుడు రెండో గాయని, అంటే కథలో చెలికత్తె, ఒంటరిగా వేదిక అంచుకు ఒక అడుగు ముందుకు వేస్తుంది. ఆ అడుగు పడగానే కాఫీ హోటలు తెబాల్దో మనుషులు పళ్ళేలు పట్టుకుని బాక్సుల్లోకి దూసుకొస్తారు. పళ్ళేల నిండా సోర్బెట్టో, అంటే నిమ్మరసమూ పంచదారా కలిపి చిలికిన మంచు. కాళ్ళ కింద నిప్పుల కుంపటి, చేతిలో మంచు గిన్నె పెట్టుకుని ఊరంతా తింటుంటే చెలికత్తె తన పాట పాడుకుంటుంది. సోర్బెట్టో పాట అని దాని పేరు. సంగీతం ఎవరి కోసమైనా ఆగుతుంది గానీ మంచు ఆగదు కదా, అందుకని ఆ కాసేపు ఎవరూ మాట్లాడరు. సంప్రదాయం ప్రకారం ఒక గిన్నె హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం దగ్గర కూర్చున్న స్వరకర్తకు, ఒక గిన్నె కవికి కూడా వస్తుంది. నేనెప్పుడూ కాదనలేదు.

చాలా కార్నివాల్‌ల నుంచి మా రెండో గాయని జెలిందా. ఆవిడ మా స్వరకర్త మాయెస్ట్రో ఎవరిస్తో తస్సినారి గారి భార్య. ఏటా ఆయన ఆవిడకొక కొత్త పాట కట్టేవాడు, నేను మాటలు రాసేవాణ్ణి, ఇద్దరం గిన్నెలు పట్టుకునేవాళ్ళం. ఆ పాటలో లోపం ఉందని మా ఇద్దరికీ ఎన్నడూ అనిపించలేదు.

మాయెస్ట్రో మాత్రం తృప్తి లేని మనిషి. ఆయన ఒపేరాలకు చప్పట్లు బాగానే పడేవి. డోలు మోగినప్పుడు, గొంతులన్నీ మెల్లగా మొదలై మెట్టుమెట్టుగా పెరిగి చూరెగిరిపోయేలా అరిచినప్పుడు, ప్రధాన గాయని చివరి వేగం పాటను అచ్చంగా రెండుసార్లు పాడినప్పుడు జనం పేక ముక్కలు కింద పెట్టి వేదిక వైపు తిరిగేవారు. ఆయనకు కావలసింది అది కాదట. ఒకరోజు నా కొట్టుకు గొంతు మందు కోసం వచ్చి, కూర్చుని, సంగతి బయటపెట్టాడు.

"చచ్చేలోపు ఒక్కసారి, ఒక్క పాట, ఈ ఊరు నోరు మూసుకుని వింటే చాలు కవీ. ఈ ఏడు కూడా వినకపోతే కలం విరిచేస్తాను. వెళ్ళి మఠంలో సన్యాసినులకు ఆర్గాన్ వాయించుకుంటాను."

ఆయన ఆ మాట అన్నప్పుడు గొంతు వణికింది. మందు వేసుకున్నా తగ్గలేదు. నాకు నిజంగానే జాలేసింది, అందుకని సంస్కరణకు ఒప్పుకున్నాను. దాని అర్థమేమిటో ఇద్దరం తర్వాత ఆలోచించుకున్నాం.

ఆలోచించగా తేలిందేమంటే, ఒపేరాలో జనానికి నచ్చేవన్నీ తీసేయడమే సంస్కరణ. వేగం పాట రెండోసారి పాడకూడదు, ఒకసారి బాధపడ్డ మనిషి అదే బాధ అవే అక్షరాల్లో మళ్ళీ పడదు గనక. డోలు ఉండకూడదు. మెట్టుమెట్టుగా అరవకూడదు. నాయిక చచ్చేముందు గంతులేసే పాట పాడకూడదు. ఒక్క చెల్లో వాద్యం తోడుగా మెల్లగా ప్రార్థన చేసుకుని, వాక్యం మధ్యలోనే ప్రాణం వదలాలి. ఆ చివరి షరతు మీద నేను వాదించాను, ఎందుకంటే మధ్యలో వదిలే వాక్యం నాది. కళ కోసం త్యాగం చెయ్యమన్నాడు. ప్రాస కుదరని వాక్యమే దొరికింది గనక త్యాగం చేశాను.

నాటకశాల సంఘం సమావేశమైంది. అధ్యక్షులు, ఊరి జమీందారు మార్కీ గారు సంస్కరణ ప్రతిపాదన చదివించుకుంటూ ఒక కునుకు తీసి, లేచి, గంభీరంగా ప్రసంగించారు. "అయ్యలారా, మన పూర్వీకులు చెవులతో విన్నారు. మనం ఆత్మతో వినబోతున్నాం. ఈ ఊరి చరిత్రలో ఇది రెండో గొప్ప రోజు. మొదటిది మా తాతగారు పుట్టిన రోజు." అందరూ చేతులెత్తారు. పేకాట బల్లలు తీయించరు కదా అని ఒక సభ్యుడు అడిగి, తీయించరని తెలుసుకుని, తానూ ఎత్తాడు.

చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. పోప్ గారి ప్రభుత్వం తరఫున మాటలు తనిఖీ చేసే పాద్రీ గారు, నాయిక ప్రార్థిస్తూ విషం తాగడం మతానికి చేటు అన్నారు. విషాన్ని దగ్గు మందుగా మార్చాను. ఆ ఒపేరాలో మా నాయిక దగ్గు మందు తాగి చచ్చిపోయింది. నెలరోజులు నా కొట్టులో ఒక్క సీసా కూడా కదల్లేదు. ఇక ప్రధాన గాయని ఎర్సీలియా ఫార్మిగోనీ గారు ఎక్కడికి వెళ్ళినా తన పెట్టెలో తన సొంత పాటొకటి వెంట తెచ్చుకునే మనిషి. అందులో తుఫానులో చిక్కుకున్న ఓడ గురించి ఉంటుంది. ఒపేరా కథ కొండల్లో జరిగినా, మఠంలో జరిగినా, ఓడ వచ్చి తీరుతుంది. ఆ ఓడను మొదటి అంకంలో ఎక్కడైనా నిలుపుకోనిస్తే చివర్లో మెల్లగా చస్తానని ఒప్పుకుంది. సంస్కరణల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు తప్పవు.

అన్నిటికంటే సులువుగా తెగిపోతుందనుకున్నది సోర్బెట్టో పాట. కథకు సంబంధం లేని పాట, జనం తినడానికి తప్ప ఎందుకూ పనికిరాని పాట. సంస్కర్త ఎవరైనా మొదట కత్తి పెట్టేది దాని మీదే. కాకపోతే ఆ పాట పాడే మనిషి ఆయనింట్లోనే ఉంది. ఆ మాట ఇంట్లో చెప్పడానికి ఆయన నన్ను తోడు తీసుకెళ్ళాడు.

మేం వెళ్ళేసరికి జెలిందా వంటింట్లో పిండి పలచగా ఒత్తుతోంది. మాయెస్ట్రో ప్రాచీన గ్రీకుల నుంచి మొదలుపెట్టి నాటకంలో ఐక్యత గురించి, అందులో అనవసరమైన అంగాల గురించి చాలాసేపు మాట్లాడాడు. నేను మధ్యమధ్య తల ఊపాను. ఆవిడ ఒత్తడం ఆపకుండానే విన్నది.

"అంటే నా పాట తీసేశారు," అంది చివరికి. "అంతేగా? దానికి ఇంత దూరం గ్రీకు దేశం మీదుగా రావాలా?"

"తీసేయడం కాదు జెలిందా, ఆ పాట మొత్తం ఒపేరాలో కరిగిపోతుంది," అన్నాడాయన.

"కరగడం నాకు కొత్తేం కాదులెండి. ఏటా చూస్తూనే ఉన్నా." ఆవిడ పిండి మీద కొంచెం పొడి పిండి జల్లింది. "మరి నన్నేం చెయ్యమంటారు వేదిక మీద? ఇంటికి పోయి కూర్చోమంటారా?"

మాయెస్ట్రోకు అప్పుడు చాలా దయ కలిగింది. చెలికత్తెకు మాటల్లేకపోయినా గౌరవం ఉండాలన్నాడు. చివరి ప్రార్థన మొదలయ్యే ముందు ఆమె దీపం పట్టుకుని, ఒంటరిగా, వేదిక అంచుకు ఒక అడుగు ముందుకు వేసి నిలబడుతుంది. మొత్తం ఒపేరాకు అదే శిఖరమన్నాడు.

జెలిందా ఒత్తుడు కర్ర పక్కన పెట్టింది. మొగుడి ముఖం వైపు కాసేపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. మేమిద్దరం కళకు సంబంధించిన ముఖాలు పెట్టుకుని ఉన్నాం.

"ఒక అడుగు ముందుకా?" అంది.

"ఒక అడుగు."

"ఒంటరిగా?"

"ఒంటరిగా."

"సరేనండీ, వేస్తాను," అని మళ్ళీ కర్ర తీసుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు దారిలో మాయెస్ట్రో కళ్ళు తుడుచుకున్నాడు. కళ ముందు భార్యలు కూడా తలవంచుతారని నేను ఆయనకు వివరించాను.

మొదటి ప్రదర్శన నాటి సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి అంకం ఘోరం. డోలు లేదు, అరుపుల్లేవు, ఆర్కెస్ట్రా గుసగుసలాడుతోంది. ఎప్పటిలా గట్టిగా మాట్లాడుకుంటున్న బాక్సులవాళ్ళ మాటలు నాటకశాల అంతటా ఖంగుమన్నాయి. నోటరీ గారి భార్య తన అల్లుడి పళ్ళ గురించి అన్న మాట నాలుగో అంతస్తు వరకూ వెళ్ళింది. అల్లుడుగారు మూడో అంతస్తులో ఉన్నాడు. ఫార్మిగోనీ గారి ఓడ వచ్చినప్పుడు మాత్రం జనం ఊపిరి పీల్చుకున్నారు. వేగం పాట రెండోసారి రాకపోయేసరికి ఆవిడ మాట మరిచిపోయిందనుకుని మర్యాదస్తులు చప్పట్లు కొట్టి ధైర్యం చెప్పారు. మాయెస్ట్రో హార్ప్సికార్డ్ ముందు సున్నం కొట్టిన గోడలా పాలిపోయి కూర్చున్నాడు. మఠంలోని ఆర్గాన్ ఆయన కళ్ళ ముందు కనబడుతోందని నాకు అర్థమైంది.

రెండో అంకం సగమైంది. సోర్బెట్టో పాట రాలేదు. తెబాల్దో మనుషులు వరండాల్లో పళ్ళేలతో నిలబడి తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. పళ్ళేల్లో మంచు అంచులు జారుతున్నాయి. బాక్సుల్లో గొణుగుడు మొదలైంది. సంస్కరణ అంటే సోర్బెట్టో ఉండదా అని ఎవరో అడిగారు. అలాగైతే తాము చేతులెత్తి ఉండేవాళ్ళం కాదని సంఘ సభ్యులు అంటున్నారు. మార్కీ గారు వెనక్కి తిరిగి నౌకరుతో తన కోటు తెమ్మన్నారు. అంకం చివరికి వచ్చేసరికి గొణుగుడు పెరిగి ఒకరిద్దరు ఈల కూడా వేశారు. సరిగ్గా అప్పుడే చెల్లో ఒంటరిగా మొదలైంది. మాయెస్ట్రో బతుకంతా దాచుకుని రాసుకున్న స్వరం అది.

జెలిందా దీపం పట్టుకుని, ఒంటరిగా, వేదిక అంచుకు ఒక అడుగు ముందుకు వేసింది.

తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. పళ్ళేలు లోపలికి దూసుకొచ్చాయి. ఎన్నడూ చూడని వేగంతో, ఎందుకంటే అప్పటికే ఆలస్యమైంది, గిన్నెలు చేతులు మారాయి. నౌకరు తెచ్చిన కోటును మార్కీ గారు ఒళ్ళో పరుచుకుని దాని మీద గిన్నె పెట్టుకున్నారు. మంచు కరుగుతోంది గనక ఎవరూ మాట్లాడలేదు. పేకాట ఆగిపోయింది. ఈల వేసినవాడి నోరు నిండిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫార్మిగోనీ గారు దగ్గు మందు తాగి, తన జన్మలో మొదటిసారి మెల్లగా పాడింది. చెల్లో మీద కమాను కదిలే చప్పుడు కూడా వినబడిందట. నేను నా గిన్నె పనిలో ఉన్నాను గనక గట్టిగా చెప్పలేను.

మాయెస్ట్రో తల తిప్పి చూడలేదు. హార్ప్సికార్డ్ మీద పెట్టిన గిన్నెను కూడా చూడలేదు. వీపు వెనక ఊరంతా ఊపిరి బిగబట్టి ఉందని ఆయన వీపుకు తెలుస్తోంది. చెంపల మీద కన్నీళ్ళు ధారలు కట్టాయి. మంచు వృథా కాకూడదని ఆ గిన్నె కూడా నేనే తీసుకున్నాను.

నాయిక వాక్యం మధ్యలో ప్రాణం వదిలేసరికి గిన్నెలు ఖాళీ అయ్యాయి. చేతులు గడ్డకట్టి ఉన్నాయేమో, వాటిని వేడి చేసుకోవడానికి జనం కొట్టిన చప్పట్లు మా నాటకశాలలో అంతకుముందు ఎవరూ వినలేదు. మార్కీ గారు బాక్సులోంచి వంగి, ఈ ప్రార్థనలో ఏదో తియ్యదనం ఉందనీ, దాంతోపాటు కొంత పులుపు కూడా ఉందనీ, అది ఆత్మకు సంబంధించిన రుచి అనీ ప్రకటించారు.

తెర వెనక మాయెస్ట్రో భార్య చేతులు పట్టుకున్నాడు. "విన్నావా జెలిందా? ఆ నిశ్శబ్దం విన్నావా? ఒక గాయకురాలికి బతుకులో ఒక్కసారి అలాంటిది దొరికితే చాలు కదా."

"విన్నానండీ," అంది ఆవిడ. "మీకు దొరికింది, నాకదే చాలు."

ఆయన అందరినీ కౌగిలించుకోవడానికి వెళ్ళిపోయాక నేను ఆవిడ దగ్గర చేరి, ఆ అడుగు వేస్తే ఏమవుతుందో ఆవిడకు ముందే తెలుసా అని మెల్లగా అడిగాను.

"ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు మందులాయనా. తెలియనిది మీ ఇద్దరికే." దీపం ఊది ఆర్పింది. "ఏటా నాకొచ్చే నిశ్శబ్దమేగా. ఒక్కసారికి ఆయనకిచ్చాను. వెళ్ళి చెప్పావో, నీ మూతి నిండా మంచే ఉందని అందరి ముందూ అంటాను."

నేను మూతి తుడుచుకుని ఇంటికి వెళ్ళి, బొలోన్యా పత్రికకు సమీక్ష రాశాను. "ప్రేక్షకులు గుడిలో ఉన్నంత భక్తితో, మాట లేకుండా, చివరి చుక్క దాకా ఆస్వాదించారు" అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ తర్వాతిది చరిత్ర. ఊరూరా సంస్కరణ పాకింది. అచ్చయిన స్వరపుస్తకంలోనే "చెలికత్తె దీపంతో ఒక అడుగు ముందుకు" అని ఉంది గనక ప్రతి ఊళ్ళోనూ చెలికత్తె ముందుకు వచ్చింది, పళ్ళేలు లోపలికి వచ్చాయి, నిశ్శబ్దం కుదిరింది. పండితులు ఆ దీపానికి అర్థాలు చెప్పారు. అది ఆత్మ అని ఒకాయన, కళ అని ఇంకొకాయన. అది ఒక్కటి కావాలనుకుంటున్న ఇటలీ అని పోలీసులకు అనుమానం వచ్చి రెండేళ్ళు దీపాన్ని నిషేధించారు. ఆ రెండేళ్ళూ చెలికత్తె ఖాళీ చేతులతో అడుగేసింది, సోర్బెట్టో యథాప్రకారం వచ్చింది. దేశం ఒక్కటయ్యాక అది నిజంగా ఇటలీయే అని ప్రభుత్వం వారు తేల్చి మాయెస్ట్రోకు పతకం ఇచ్చారు. ఆయన మఠానికి వెళ్ళలేదు. మరి ఏడు ఒపేరాలు రాశాడు, అన్నిట్లోనూ ఎవరో ఒకరు దీపం పట్టుకుని ముందుకొస్తారు.

ఇప్పటి పిల్లలు ఇంకా ముందుకు పోయారు. నాటకశాలలో దీపాలార్పి, నోట్లో ఏమీ లేకుండానే, గంటల తరబడి బిగుసుకు కూర్చుంటున్నారు. ఎందుకలా కూర్చుంటారని మా మనవణ్ణి అడిగితే, నేను రాసిన ఆ సమీక్షను బళ్ళో చదివించారని చెప్పాడు. వాళ్ళకు ఏం రుచి తగులుతోందో నాకు తెలియదు, అడిగితే వాళ్ళూ చెప్పలేకపోతున్నారు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం మాయెస్ట్రో ఇంటి పెరట్లో, ద్రాక్ష పందిరి కింద ముగ్గురం కూర్చున్నాం. ముగ్గురికీ తలలు నెరిశాయి. ఆయన పతకం కోటుకు తగిలించుకునే ఉన్నాడు. ఉన్నట్టుండి భార్య వైపు తిరిగి, "నీకు ఏటా ఒక పాట కట్టేవాణ్ణి చూడు, సంస్కరణకు ముందు. ఒక్కటీ గుర్తు రావడం లేదు. అవెలా ఉండేవి?" అని అడిగాడు. మాటలు రాసింది నేను గనక నావైపు చూశాడు. నాకూ గుర్తు లేవు. ఒక ఏడు సోర్బెట్టో చెర్రీపళ్ళది పెట్టారని మాత్రం గుర్తుంది.

"పాడవూ ఒకటి?" అన్నాడాయన. గొంతు వణికింది, నా కొట్టులో వణికినట్టే. "ఒక్కసారైనా సరిగ్గా వింటాను."

జెలిందా అలవాటు చొప్పున లేచి, పందిరి కింద నుంచి ఒక అడుగు ముందుకు వేసి, పాట అందుకుంది. ముసలి గొంతే అయినా మొదటి స్వరం నిలువునా, శుభ్రంగా లేచింది. మేమిద్దరం చాలా శ్రద్ధగా వింటున్నాం. రెండో చరణంలోకి రాకముందే ఆవిడ ఆగిపోయింది. ఎందుకాగిందా అని చూసుకుంటే, మాయెస్ట్రో కుడిచెయ్యి బల్ల మీద ఏదో తడుముతోంది. నా చెయ్యి కూడా తడుముతోంది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత ఆయనకు ఆనాటి నిశ్శబ్దం ఏమిటో అప్పుడు తెలిసిందనుకుంటాను. పతకం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

జెలిందా లోపలికి వెళ్ళింది. రెండు నిండు గిన్నెలూ రెండు చెంచాలూ తెచ్చి మా ముందు పెట్టింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఒక అడుగు ముందుకు వేసి, పాట మొదటి నుంచి అందుకుని చివరిదాకా పాడింది.

చాలా బాగుంది. నిమ్మకాయది.